తెరిచి ఉన్న గేటు

నా చిన్నప్పుడు, ఆవిరి ఇంజను కూత గొలుసు నేనే లాగబోతున్నానని వారం ముందే ఊరంతా టాంటాం వేశాను. సిడ్నీకి చాలా దూరంగా, గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ ఊళ్లో మా నాన్న డాక్టరు. అక్కడ ఏటా ఒకరోజు పాతకాలపు నూర్పిడి యంత్రాన్ని ఆవిరితో నడిపి చూపించేవారు. ఆ ఇంజను పక్క పొలం అంకుల్‌ది, వాళ్ల తాత కొన్నది. ఆ ఏడు తొలి కూత నాకే ఇస్తానన్నారాయన. తొమ్మిదేళ్ల పిల్లకి ఇంకేం కావాలి!

ముందురోజు మధ్యాహ్నం, అంకుల్‌కి ఇష్టమని అమ్మ పంపిన పులిహోర ఇచ్చి, పొలానికి అడ్డంపడి గంతులేసుకుంటూ వస్తున్నాను. ఒక గేటు బార్లా తెరిచి ఉంది. "గేటు వెయ్యకపోతే గొడ్లు చేలో పడతాయే" అని గోదావరి జిల్లాలో పుట్టిన మా అమ్మ రోజుకి పదిసార్లు అనేది. అంకుల్ మరిచిపోయారనుకుని, ఆ బరువైన గేటును ఈడ్చి గొలుసు తగిలించాను. ఎంత మురిసిపోయానో!

తెల్లారి ఇంజను దగ్గరికి పరిగెడుతుంటే గొర్రెల అరుపులు వినిపించాయి. మందంతా ఆ గేటుకి ఒత్తుకుని నిలబడింది. గొర్రెలు ఇవతల, నీళ్ల తొట్టి అవతల. అసలే మండే ఎండలు. అంకుల్ అప్పుడే ట్రక్కు దిగి, "ఎవరు మూశారిది?" అన్నారు. చెబితే కూత పోతుంది, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఒక గొర్రెపిల్ల నేలమీద కూలబడి ఉంది. దాన్ని చూశాక నోరు ఆగలేదు. "నేనే అంకుల్" అని ఏడ్చేశాను.

ఆయన తిట్టలేదు. "అయితే తెరవాల్సింది కూడా నువ్వే" అన్నారు. గొలుసు తీశానో లేదో, మంద నన్ను తోసుకుంటూ దూసుకుపోయింది. గొర్రెపిల్లను ఆయన ఎత్తుకెళ్లి తొట్టి దగ్గర దించితే, అది కూడా తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మా దగ్గర గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలెయ్యాలి, మేట్. తెరిచి ఉందంటే ఏదో కారణం ఉంటుంది. తెలియకపోతే అడుగు" అన్నారు.

ఇక కూత సంగతి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. జనం వెనక నక్కాను. ఆయనే వెతికి పట్టుకుని గొలుసు నా చేతికిచ్చారు. లాగాను! ఊరు దద్దరిల్లింది. బెల్టు కదిలింది, పొట్టు ఎగిసింది, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఇప్పుడు సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. కోడలి వంటింట్లో డబ్బాలు సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇది ఇక్కడెందుకు పెట్టావమ్మా?" అని అడుగుతాను. మనవరాలి గది తలుపు మూసి ఉంటే తట్టి నిలబడతాను. "కమిన్, నానమ్మా!" అన్న కేక వినపడితే, కూత గొలుసు మళ్లీ చేతికందినంత సంబరం నాకు.