ఎత్తి పోసుకున్న టీ

షెఫీల్డ్‌లో మా అద్దె ఫ్లాట్ కింద ఇంటి ఓనరావిడ ఉంటుంది. అగ్రిమెంటు అయిపోవస్తుంటే, మమ్మల్ని ఉంచుతుందో ఖాళీ చేయమంటుందో చెప్పకుండా టీకి పిలిచింది. నర్సుగా చేసే మా అమ్మాయికి అక్కణ్ణుంచి హాస్పిటల్ నడిచి వెళ్లేంత దగ్గర. ఆ చుట్టుపక్కల మాకు అందే అద్దెకు ఇంకోటి దొరకదు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని కిందికి దిగాను.

అది మామూలు టీ కాదు. ఆవిడ వయసులో ఉండగా జపాన్‌లో నేర్చుకున్న పద్ధతి. మమ్మల్ని చాప మీద మోకాళ్లపై కూర్చోబెట్టింది. చెక్కపెట్టె తెరిచి, గుడ్డ విప్పి, పురిటిబిడ్డను ఎత్తినట్టు ఒక నల్లటి మట్టిగిన్నెను బయటికి తీసింది. చాలా పాతది, కొంచెం వంకర. దానికో పేరు కూడా ఉందట. ముందు దానికి దండం పెట్టమంది. పెట్టాం. ఒడి మీదుగానే పట్టుకోవాలి, తాగేటప్పుడు కూడా నోరు దాటి పైకెత్తకూడదు అని మా అమ్మాయి చేత చెప్పించింది. పెట్టె మూత మీద సిరా రాత ఉంది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. రాత కనబడితే ఊరుకోలేను. ఏం రాశారని అడిగించాను. తనకూ చదవడం రాదు, చూసి మెచ్చుకోవాలంతే అంది. మెచ్చుకున్నాను.

పచ్చటి పొడిలో వేడినీళ్లు పోసి వెదురు కుంచెతో కలిపితే గోరింటాకు ముద్దలా తయారైంది. ముందు ఆవిడ స్నేహితుడు, పెద్ద మీసాలాయన, తాగి అంచు తుడిచి మా అమ్మాయికిచ్చాడు. అది కళ్లు మూసుకుని ఒక గుక్క మింగి నాకందించింది.

"నా గిన్నె ఏదే?"

"ఇదేనమ్మా. అందరికీ ఒకటే."

"ఆయన మీసాలు మునిగాయే అందులో."

"తుడిచాడుగా. ఫ్లాట్ కావాలా వద్దా?"

"చర్చిలో ప్రభువు బల్ల దగ్గరే ద్రాక్షరసం ఎవరి గ్లాసులో వాళ్లకిస్తారు. ఈవిడ ప్రభువు కంటే ఎక్కువా?"

"ఈ నెల వరకూ ఎక్కువే."

ఫ్లాట్ కావాలి, ఎంగిలి వద్దు. తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తినట్టు గిన్నె ఎత్తి, నోరు తెరిచాను. బోర్లించినా ముద్ద కదల్లేదు. ఓనరావిడ రెండు చేతులూ గిన్నె కిందికి చాచింది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి, నోరు మూయడానికి లేదు. చివరికి అంతా ఒక్కసారే జారింది. సగం నోట్లో, సగం ముక్కు మీద. గిన్నెకేమీ కాలేదు.

ఆవిడ గిన్నె తీసుకుని అంచు చుట్టూ చూసింది. మా అమ్మాయిని ఏదో అడిగింది.

"ఏమంటోందే?"

"ఇది ఏ సంప్రదాయమని."

"ఏం చెప్పావు?"

"మన ఇంటి సంప్రదాయమని చెప్పాను. నిజమేగా."

మీసాలాయన వంగి నాకు దండం పెట్టాడు.

అగ్రిమెంటు ఇంకో ఏడాది పొడిగించింది. బదులుగా నెలకోసారి ఆవిడ స్నేహితులకు నేను ఎత్తి పోసుకోవడం నేర్పాలి. నల్లగిన్నె పెట్టె దాటి రాదు. స్టీలు గ్లాసులు, పలచని టీ. ఒళ్లో తువ్వాళ్లు వేసుకుని, గడ్డాలు పైకెత్తి వరసగా కూర్చుంటారు. మొదటిసారి మీసాలాయనకు పొలమారితే నెత్తి మీద తట్టాను. అదీ పద్ధతే అనుకున్నారు కాబోలు. ఇప్పుడు గుక్క దిగగానే, పొలమారినా మారకపోయినా, అందరూ గంభీరంగా ఎవరి నెత్తి వాళ్లు తట్టుకుంటారు. చెబుదామని నోరు తెరిస్తే మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లుతుంది.