చెప్పులు విడిచే చోట

మా పెద్ద మిస్ ఆదివారం పొద్దున పోయారు. ఫోన్‌లో వాళ్లబ్బాయి "అమ్మ పోయిందక్కా" అంటే నేను "ఎక్కడికి?" అని అడిగాను. కాఫీ పెట్టుకుందామని లేచి, వంటింట్లోనే కూలబడిపోయారట. శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర "సోమవారం బంకమట్టి తీద్దాం పాపా, పిల్లోళ్లు అడగతా ఉండారు" అన్న మనిషండీ! ఇదేం అన్యాయం?

కె.ఆర్.పురంలో మాది రెండు గదుల నర్సరీ బడి. ఆవిడ నడిపేవారు, నేను ఆవిడ దగ్గర పని నేర్చుకున్న టీచర్ని. అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల పిల్లలూ, వాటిలో కాపురముండే సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలూ మా దగ్గర ఒకే చాప మీద కూర్చుంటారు.

ఆవిడ పొద్దున్నే వాకిట్లో చెప్పుల అర దగ్గర నిలబడేవారు. ఏ పిల్ల చెప్పులు ఎలా విడుస్తుందో చూడటమే ఆవిడ మొదటి పని. దూరం నుంచే విసిరేసి పరిగెత్తేవాడి చేతికి నీళ్ల మగ్గిచ్చి మొక్కల దగ్గరికి పంపేవారు. జత కలిపి, మళ్లీ సరిచేసి, ఇంకోసారి చూసుకునే పిల్లను నేను తొందరపెడితే నా మీద ఇంతెత్తున లేచేవారు. అలాగని "వీడు అల్లరోడు, ఇది పిరికిది" అని నేను తేల్చేస్తే అసలు ఒప్పుకునేవారు కాదు.

"ఈపొద్దు చెప్పులు ఈపొద్దు సంగతే చెప్తాయి పాపా. రేపు మళ్లా చూడు."

మహదేవపుర నుంచి వచ్చిన ఒక తండ్రి, "మావాడు ఇంట్రోవర్టా, ఎక్స్‌ట్రోవర్టా, ఒక రిపోర్టు ఇస్తారా?" అని అడిగాడు. "వానికింకా పండ్లే సరిగ్గా రాలేదు కదప్పా, అప్పుడే ముద్ర ఎందుకు? ఇంట్లో ఒక తీరు, ఈడ ఒక తీరు. రెండూ వాడే" అన్నారు. పాపం, ఆయన కూడా నవ్వేశాడు.

ఈ జూన్‌లో కదిరి వైపు కూలీల పాప ఒకతి చేరింది. చెప్పులు తీసి ఒళ్లో పెట్టుకుని గడప బయటే కూర్చునేది. నోరు విప్పేది కాదు. నేను ఎత్తుకుని లోపలికి తీసుకుపోబోతే పెద్ద మిస్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆ పాప ఇంకా దావలోనే ఉండాది. రానీ." రోజూ కాసేపు తనూ పక్కనే కూర్చుని అనపకాయలు వలిచేవారు. తల్లికి ఓపిక చచ్చిపోయింది. "ఈ నెల చూస్తా మిస్సూ. లోపలికి పోకుంటే నాతోనే పనికాడికి తీసకపోతా" అంది. ఆ కంకర, ఇనుప చువ్వల మధ్యకు! పెద్ద మిస్ మాత్రం శుక్రవారం నా చెయ్యి గిల్లి, "చూసినావా, ఒక చెప్పు కింద పెట్టింది!" అని చిన్నపిల్లలా మురిసిపోయారు.

సోమవారం బడికి సెలవివ్వలేదు. కూలికి పోయే తల్లులు పిల్లల్ని ఎక్కడ వదులుతారు? ఆవిడ నిలబడే చోట నేను నిలబడ్డాను. అర కింది వరుసలో, బడి వాకిట్లో మాత్రమే తొడుక్కునే ఆవిడ నీలం హవాయి చెప్పులు శుక్రవారం వదిలినట్టే ఉన్నాయి. ఆవిడ తరగతిలో ఉంటే అవి అక్కడ ఉండేవి. ఆ సంగతి బడిలో ప్రతి పిల్లకూ తెలుసు.

ఆ పాప వచ్చింది. కూర్చోలేదు. నావైపు చూసి, మా బడిలో మొదటిసారి నోరు విప్పింది.

"పెద్ద మిస్సు యాడ?"

ఆ పాప అర వైపు చూసింది.

"చెప్పులు ఈడనే ఉండాయి కదా" అంది. తన చెప్పులు రెండూ ఆ నీలం చెప్పుల పక్కన పెట్టి, గడప దాటి, ఆవిణ్ని వెతుక్కుంటూ లోపలికి వెళ్లింది.