పట్టపగటి దీపం

కళ్యాణదుర్గం నుంచి వస్తున్న బస్సులో నా టికెట్టు జారి సీటు కిందికి పోయింది. ఫోను లైటు వేసి వెతికాను. దొరికాక లైటు ఆర్పడం మరిచిపోయి, ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. మనసు ఒకచోట నిలవడం లేదు. నా బట్టల కొట్టు అప్పుల్లో మునిగిపోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా మూడు నెలలుగా రోజూ షట్టరు ఎత్తుతున్నాను.

పక్క సీటు ముసలాయన ఉన్నట్టుండి ఆ వెలుగును అరచేత్తో మూశాడు.

"పట్టపగలు దీపమెందుకప్పా? ఆర్పు. మేం అంగడి పెట్టుకున్నోళ్ళం. మాకది దివాలా."

నాకు అర్థం కాలేదు.

"దివాలా తీసినాడంటారే, ఆ మాట దీపం నుంచే వచ్చిందంటారు మావాళ్ళు. ఎనకట షావుకారు చేతిలో ఏమీ మిగలకపోతే, పగలే అంగడి ముందర దీపం పెట్టి కూర్చుంటాండె. ఊరికంతా తెలిసిపోతాది, నోరు తెరిచి చెప్పే పనిలే. మా తాత పెట్టినాడు."

"ఎంత అవమానమో!" అన్నాను.

ఆయన కిటికీలోంచి ఎండిన చెనక్కాయ చేలను చూస్తూ నవ్వాడు.

"అంతకుముందు ఆర్నెల్లు ఆయనకు ముద్ద దిగలేదంట. దీపం పెట్టిన పూట ఇంట్లోకొచ్చి, మా జేజితో ఆకలైతాంది, అన్నం పెట్టు అన్నాడంట. మా జేజి బతికినన్నాళ్ళూ అదే చెప్తాండె."

ఆయన దిగిపోయిన కాసేపటికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. తిన్నారా అని మా ఆవిడ రోజూ అడిగే మాటే అడిగింది. తిన్నానని రోజూ చెప్పే అబద్ధం నోటిదాకా వచ్చింది.

"లేదు," అన్నాను. "వస్తాండా. అన్నం పెట్టు. నీకొక మాట చెప్పల్ల."