డొల్ల నేల చూపిన మామ

మొన్న బుధవారం పొద్దున సర్వే మామ పోయాడు. అప్పుడు నేను అంగట్లో ఉద్దిపప్పు తూస్తున్నాను. అత్త, అంటే మామ భార్య, ఫోన్ చేసింది. "ఇంగ లేడమ్మా మీ మామ. కాఫీ తాగినాడు, పండుకున్నాడు, అంతే" అంది. సరే అత్తా, వస్తాను అన్నాను. ఫోన్ పెట్టి, తక్కెడలో తక్కువైన పప్పు వేసి, పొట్లం కట్టి ఇచ్చాను. వచ్చినామె ఇంకో పావు కేజీ కావాలంటే అదీ తూచాను. పక్కన బెల్లం బుట్ట దగ్గర కూర్చున్న మా నాయన "ఎవురు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన విసనకర్రతో ఈగలు తోలుతున్నాడు, తోలుతూనే ఉన్నాడు.

ఈ నాలుగు రోజుల్లో నాకు ఏడుపు రాలేదు. ఒంటరిగా కూర్చుని చూశాను కూడా. రాలేదు. కాబట్టి ఇది చదివి మీరెవరైనా కంటతడి పెట్టుకుంటారని నేను అనుకోవడం లేదు. ఆయన ఎవరో, ఏం చేశాడో నాకు తెలిసినంత చెప్పాలనిపించింది.

మామ మాకు చుట్టం కాదు. మాది బంగారు గని ఊరు కోరమండల్‌లో కిరాణా అంగడి పెట్టుకున్న శెట్ల ఇల్లు. ఆయనది ముళబాగిలు పక్క బైరకూరులో రాగులు పండించే ఇల్లు. గని సర్కారు చేతికి వచ్చిన తర్వాత, మీసాలు సరిగా రాని వయసులో ఇక్కడికి వచ్చి, గని సర్వే ఆఫీసులో గొలుసు పట్టే పనికి కుదిరాడు. భూమి కింద సొరంగాలు ఎంత దూరం పోయాయో, ఎటు తిరిగాయో గొలుసు పరిచి కొలిచేవాళ్లు. కొలతలు రాసుకునేది ఆఫీసర్లు. గొలుసు కొస పట్టుకుని ముందు చీకట్లోకి పోయేది మామ. అట్లా ముప్పై ఏళ్లు పోయాడు, గని మూసేదాకా.

దాంతో ఆయన నడక వేరుగా ఉండేది. మేమంతా వీధిని పైనుంచి చూస్తే ఆయన కిందనుంచి చూసేవాడు. నా చిన్నప్పుడు భూమి కింద బండలు పగిలి ఏర్ బ్లాస్ట్ అయ్యేది. ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. అందరూ బయటికి పరుగెత్తితే, మామ మా అంగడి గడపలో నిలబడి ఒక్క క్షణం చెవి పెట్టి, "మన పక్క కాదు. పడమర. పోయి అన్నం తినండి" అనేవాడు. సాయంత్రానికి తెలిసేది, పడమరే అని. మా అంగట్లో పురికొసకు నట్టు కట్టి వేలాడదీసి, "శెట్టీ, నీ అలమర ఎడమకు వంగుండాది, చూసుకో" అన్నాడొకసారి. నాయన నవ్వి, అలమర కింద అట్టముక్క పెట్టాడు. వాళ్లిద్దరూ అంత స్నేహంగా ఉండేవాళ్లని చెప్పడానికే ఇది రాశాను.

మా పాత అంగడి రైలు గేటును ఆనుకుని ఉండేది. గని మూతపడ్డాక ఊళ్లో సగం మంది బెంగళూరు పనులకు రైలెక్కారు. తెల్లవారింది మొదలు రైళ్లే. గేటు ఒకసారి పడితే అరగంట లేచేది కాదు. నిలబడిపోయినవాళ్లు మా అంగట్లో అరటిపండో బన్నో కొనుక్కునేవాళ్లు. గేటు మూస్తే మా తలుపు తెరిచినట్టే అనేవాడు నాయన. కానీ ఎంతమంది గేటు కింద దూరిపోయేవాళ్లో, అందులో ఎంతమంది ఇంటికి చేరలేదో కూడా మేం చూసినవాళ్లమే. ఒకరోజు మా గట్టు మీద చీర కుచ్చిళ్లు సర్దుకుని, గేటు కింద దూరి పోయిన ఆమెను అరగంట తర్వాత గుడ్డ కప్పి తెచ్చారు. కాబట్టి పట్టాలను స్తంభాల మీదికి ఎత్తుతారు, గేటు తీసేస్తారు, కింద మిగిలిన నేలలో ఊరందరికీ తోట వేస్తారు అన్నప్పుడు నాయన కూడా మంచిదే అన్నాడు. స్తంభాల కోసం గీసిన గీత మా వరస అంగళ్లను తాకకుండా అవతలి పక్కనుంచి పోయింది. తోటకొచ్చేవాళ్లు మన దగ్గరే కొంటారు అని లెక్క వేసుకున్నాడు.

ఊరివాళ్లకు అది చూపించే మీటింగు ముందురోజు, దీపాలు పెట్టే వేళకు మామ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"శెట్టీ, రేపు మీటింగులో ఒక మాట చెప్తాను. ముందు నీ చెవిన వెయ్యల్ల అని వచ్చినా."

"ఏందప్పా?"

"స్తంభాలకు రంగు గుర్తులు పెట్టినారే, ఆ రెండో గుర్తు, మూడో గుర్తు కింద డొల్లుండాది. పాత కాలం తవ్వకం. వాళ్ల మ్యాపులో లేదు. నేను దిగి చూసినాను."

"ఎప్పుడు చూసినావు?"

"నలభై ఏండ్లయ్యుంటాది."

"ఇంగ పూడిపోయుండదా?"

"పూడిపోయుంటే నాకూ సంతోషమే. తవ్వి చూడండి అని చెప్తా, అంతే."

నాయనకు అప్పుడు అర్థమైంది. అటు డొల్ల అయితే గీత ఇటు జరగాలి. ఇటు ఉన్నది మేము. మామ అది కూడా అడుగులు వేసి చూసుకునే వచ్చాడు.

"సుమ్నే, ఏమీ అనకుండా ఉండొచ్చు గదప్పా" అన్నాడు నాయన మెల్లగా.

"నేను సుమ్నే ఉంటాను శెట్టీ. నేల ఉండల్ల గదా. పైన రైలు, రైల్లో మనవాళ్లు."

నాయన అడిగాడు: "నీ ఇల్లు పోయేటట్టుంటే చెప్పుంటావా?"

చెప్పుంటాను అంటాడనుకున్నాను. మామ తల వంచుకుని ఆలోచించాడు. "తెలీదు శెట్టీ" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మీటింగులో ఆయన లేచి మాట్లాడితే ముందు ఎవరూ పట్టించుకోలేదు. పడుచు ఇంజనీరమ్మ ఒకామె మాత్రం "యాడ, చూపించండి" అని ఆయన వెంట నడిచింది. మామ పాత గేటు స్తంభం దగ్గర మొదలుపెట్టి, పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి, ఒకచోట మడమ ఆనించి నిలబడ్డాడు. పది రోజులకు బోరు మిషను తెచ్చి అక్కడే వేశారు. నేను చూస్తూనే ఉన్నాను. బండలో గరగర తిరుగుతున్న కడ్డీ ఉన్నట్టుండి చప్పుడు ఆపి కిందికి జారింది. గొట్టంలో పోసిన నీళ్లు పైకి రాలేదు. మిషను ఆపారు. మామ అక్కడే మట్టిలో గొంతుకూర్చున్నాడు. నేను చెప్పలేదా అని ఒక్కరితోనూ అనలేదు. నాకు మాత్రం మా అంగడి గోడలు కళ్ల ముందుకు వచ్చాయి.

గీత జరిగింది. మా వరస పోయింది. మాకు బజారు సందులో వేరే చోటు ఇచ్చారు; రైలుకు పోయేవాళ్లు ఆ పక్కకు రారు. నాయన మామతో మాటలు మానేశాడు. ఆరేళ్లు.

మామ మాత్రం సరుకులకు మా దగ్గరికే వచ్చేవాడు, ఇంటి పక్కనే ఇంకో అంగడి ఉన్నా. ఆ ఆరేళ్లూ బేరం నా మీదుగా నడిచింది.

"ఏం కావల్లో అడుగమ్మా" అనేవాడు నాయన, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడకుండా.

"రాగులు రెండు కేజీలని చెప్పమ్మా" అనేవాడు మామ.

"కొత్త రాగులు రేపొస్తాయి, ఇవి పాతవని చెప్పు."

"పాతవే చాలని చెప్పు."

మధ్యలో నేను రాగులు తూచేదాన్ని. మొదట్లో నవ్వు వచ్చేది, తర్వాత విసుగు వచ్చింది. ఒకరోజు వ్యాపారం లేక, ఇంట్లో ఏదో గొడవపడి ఉన్నాను. "మామా, మీ ఇంటి పక్కనే అంగడుంది గదా, ఇంత దూరం ఎందుకు రావడం?" అనేశాను. ఆయన సంచీ మూతి మడుచుకుంటూ, "నడిస్తే కాళ్లకు మంచిదమ్మా" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు రాలేదు. నాయన ఏమీ అడగలేదు కానీ, మామ వచ్చే వేళకు, సాయంత్రం ఆరింటికి, వీధి వైపు చూసేవాడు. నేను పోయి పిలవలేదు. మూడు నెలలకు ఆయనే వచ్చాడు, ఏమీ జరగనట్టు రాగులు అడిగాడు. నేను క్షమించమని అడగలేదు. అడగడానికి చాలా రోజులు ఉన్నాయి అనుకున్నాను.

పట్టాలు పైకి లేచాయి. గేటు పోయింది. డొల్ల ఉన్న చోట బరువైనది ఏదీ కట్టడానికి లేదు కాబట్టి, దాన్ని పూడ్చి, మట్టి పోసి, గడ్డి నాటి, తోటలో కలిపారు. గని కూలీల లైను ఇళ్ల ఆడవాళ్లు సాయంత్రం అక్కడ కూర్చుని పూలు కట్టుకుంటారు. పిల్లలు ఆడుకుంటారు. మామ ఆ నేల చుట్టూ ఎనిమిది కొయ్య మేకులు కొట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున మేకు నుంచి మేకుకు దారం లాగి, నేల ఏమైనా దిగిందా అని చూసేవాడు. వంగినప్పుడల్లా దగ్గు వచ్చేది. ముప్పై ఏళ్లు పీల్చిన రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. నేను ఒకసారి ఆ దారిన పోతూ, "దిగిందా మామా?" అన్నాను.

"దిగలేదమ్మా. పిల్లోళ్లు ఎగిరినా దిగలేదు" అన్నాడు. ఆయన సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ రోజే అనుకుంటాను. నిలబడి ఇంకో మాట మాట్లాడి ఉండొచ్చు. అంగడికి ఆలస్యమవుతోందని వచ్చేశాను.

బుధవారం పదకొండు గంటలకు నేను బయలుదేరుతుంటే నాయన లేవలేదు. "నువ్వు పోయిరా" అన్నాడు. వెళ్లాను. మామను గడప ముందు పండుకోబెట్టారు. ముఖం చిన్నదైపోయింది. అత్త నా చెయ్యి పట్టుకుని, "నిన్న కూడా మీ మాటే అన్నాడమ్మా, రాగులు అయిపోయినాయి, శెట్టి ఇంటికి పోవల్ల అని" అంది. నేను తల ఊపాను. అత్త ఏడుస్తుంటే వీపు నిమిరాను. నా చెయ్యి ఏం చేస్తోందో నాకు తెలుస్తున్నట్టు లేదు.

మధ్యాహ్నం పాడె ఎత్తే సమయానికి వీధి చివర నాయన కనిపించాడు. అంగడి మూసి వచ్చాడు. పండగకు కూడా పగటిపూట మూయని మనిషి. మా ఇళ్లలో ఇంకో ఇంటివాళ్ల పాడె మోసే వాడుక లేదు. పైగా ఆయనకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నేరుగా వచ్చి, ముందు పక్క భుజం ఇచ్చినాయనతో "కొంచెం జరుగప్పా, పట్టుకుంటాను" అన్నాడు.

"వద్దు శెట్టీ, నీకెందుకు" అని ఎవరో అన్నారు.

"జరుగప్పా" అన్నాడు మళ్లీ.

భుజం పెట్టాడు. స్తంభాల నీడ మొదలయ్యే దాకా మోశాడు. అక్కడ ఇంకొకరు అందుకున్నారు. పైన బెంగళూరు బండి పోతోంది. కింద పాడె ఎక్కడా ఆగకుండా తోట పక్కగా అవతలికి వెళ్లిపోయింది. నాయన అక్కడే నిలబడి చూశాడు.

సాయంత్రం స్నానం చేసి నాయన మళ్లీ అంగడి తెరిచాడు. లోపల నేను మూటలు సర్దుతుంటే ఆయన గొంతు వినిపించింది. బయటికి తొంగి చూశాను. కొత్త రాగుల మూట విప్పి, గుప్పెడు అరచేతిలో పోసుకుని, ఊదుతున్నాడు. ఎదురుగా కొనేవాళ్లు ఎవరూ లేరు. "ఇవి బాగుండాయప్పా, రాళ్లు లేవు" అంటున్నాడు వీధి వైపు చూస్తూ.