చిన్నాయన కూర్చోని బంతి

నిన్న ఆత్మకూరులో తమ్ముడి మనవరాలి పెళ్లిలో జనరేటరు డీజిల్ వాసన తగలగానే నాకు పాత కోపం రేగింది.

మా చిన్నాయన ఓడలో ఇంజనీరు. నా ఏడో ఏట సెలవుకు ఉదయగిరి వచ్చి, మా మెట్టచేలో బావికి ఆయిల్ ఇంజను బిగించాడు. అది నీళ్లు తోడిన రోజు నాయన అందరికీ భోజనాలు పెట్టాడు. మొదటి బంతిలో నా పక్కన చిన్నాయనకని ఆకు వేయించుకున్నాను. ఆయన రాలేదు.

"నాతో ఇంజను మోసినోళ్లు ముందు తినాల. ఓడలోనైనా నా కింది వాళ్లు తిన్నాకే నేను తింటా," అన్నాడు.

"కూలోళ్లు కడబంతిలో తింటార్లేరా. వచ్చి కూర్చో, పరువు తీయబాక!" అని అవ్వ అరిచింది.

ఆయన కదల్లేదు. మా ఇంటి కూడు ఆయనకు చేదయిందనుకుని, ఉక్రోషంతో నా ఆకు విసిరికొట్టాను.

నిన్న ఆ చిన్నాయన గొప్ప గురించే తమ్ముడు మైకులో ఊదరగొట్టాడు. జనరేటరు దగ్గర పొద్దుటి నుంచి పొగలో నిలబడ్డవాళ్లకు మంచినీళ్లిచ్చిన దిక్కు లేదు. ఒళ్లు మండిపోయింది. ముందున్న ఆకు తోసేసి లేచాను.

"ముందు వాళ్లకు పెట్టండిరా! తర్వాతే నాకు."

తమ్ముడు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చో అక్కా, పరువు తీయబాక."