కాటా గది కంప్యూటర్

మొన్న భాయ్ పోయారని తెలిసినప్పుడు ఆయన తరచూ అనే మాటే గుర్తొచ్చింది: "దీంతో మనకేం పని?"

గుంటూరు శివారు కోల్డ్ స్టోరేజీలో ఇద్దరం కాటా గదిలో పనిచేసేవాళ్లం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా లినక్స్ కంప్యూటర్ లేవడానికి చాలాసేపు పట్టేది. తూకం దాంట్లోనే నమోదయ్యేది గనక అందాకా మిర్చి ట్రాక్టర్లతో రైతులు ఎండలో నిలబడేవారు. లేచేటప్పుడు అక్కర్లేకుండా వెనక మొదలయ్యే చిన్న ప్రోగ్రాములను, అంటే సర్వీసులను, భాయ్ ఆ మాటే అంటూ ఒక్కొక్కటిగా తీసేశారు.

ఒక్కటి మాత్రం ఉంచారు. అది బిల్లుల గదిలో వాళ్లన్నయ్య వాడిన కంప్యూటర్ కోసం నెట్‌వర్క్‌లో వెతికేది. అన్నయ్య చనిపోయారు, ఆ కంప్యూటర్‌నూ అమ్మేశారు. అయినా మాది లేచేటప్పుడల్లా దానికోసం కాసేపు ఆగేది. దాన్నెందుకు ఉంచారని నేనెప్పుడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. కరెంటు అప్పుడే వచ్చింది.

"ఏంది భాయ్, మీ మిషన్ ఇంకా నిద్ర లేవలేదా? కాయ తడిస్తే ఎవడు కొంటాడు?" అని ఒక రైతు కేకేశాడు.

కంప్యూటర్ లేచేలోపే వాన పడింది. పైవరస టిక్కీ బస్తాలు తడిశాయి. ఆ సాయంత్రం భాయ్ ఆ సర్వీసునూ తీసేశారు.

మర్నాడు కరెంటు పోయి వచ్చింది.

"ఇవాళ చప్పున లేచిందే భాయ్," అన్నాడు ముందున్న రైతు.

భాయ్ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఎప్పుడూ ఆయన పిలిచే బండిని ఆరోజు కాటా మీదికి నేనే పిలిచాను.