నాలుగో మూల

టైలరు భార్య కాబట్టి ఆమెను అందరూ మాస్టరమ్మ అంటారు. ఆమెకు వేరే పేరొకటి ఉందన్న సంగతి బ్యాంకు పుస్తకం తెరిస్తే తప్ప ఇంట్లోవాళ్ళకు కూడా గుర్తుకురాదు.

కచ్చా కుట్టు విప్పడం ఆమె పని. మాస్టరు ముందు బట్టను పొడుగాటి కుట్లతో తాత్కాలికంగా నిలబెడతాడు. మిషను మీద అసలు కుట్టు పడ్డాక మెడలోని టేపు తీసి మేకుకు తగిలిస్తాడు. అంటే తన వంతు అయిపోయిందన్నమాట. అప్పుడు బట్ట ఆమె ఒళ్ళోకి వస్తుంది. సూదిమొనతో దారం కొస లేపి లాగితే సర్రున ఊడి వస్తుంది. ఆ తర్వాత కాజాలు, గుండీలు, ఇస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఆ ఇరుకు కొట్లో ఈ పనికి మాటలు అక్కర్లేకపోయింది.

ఊరి బయట గుట్ట వాలులో వాళ్ళకు చిన్న జాగా ఉంది. అందులో చెక్కలతో ఒక గది కట్టాలనీ, సెలవురోజుల్లో కూతురూ అల్లుడూ వచ్చి ఉండాలనీ మాస్టరుకు పట్టుదల పుట్టింది. వడ్రంగి వస్తానన్నా వద్దన్నాడు.

"కదిలే మనిషికి సరిపడా కుట్టేవాణ్ణి, కదలని గోడ నిలబెట్టలేనా?" అన్నాడు.

అల్లుడికి ఫోను చేసినప్పుడల్లా ఇదే మాట.

ఆదివారాలు పని సాగింది. మాస్టరమ్మ తమ్ముడు లారీ డ్రైవరు. చెక్కలు తెచ్చి పడేయడం, పట్టుకోమన్నచోట పట్టుకోవడం అతని వంతు. మాస్టరు పాత పేపర్లు అతికించి గోడకో నమూనా కత్తిరించాడు. దాని మీద సుద్దతో గీతలు గీశాడు.

"బావా, దీనికి కాలరు ఎటువైపు వస్తుంది?" అన్నాడు తమ్ముడు.

"నీ నోటికి గుండీ పెట్టాక చెప్తాను. గట్టిగా పట్టుకో."

గుంజలు నిలబెట్టి, పడిపోకుండా లోపలినుంచి ఏటవాలుగా ఊతకర్రలు కొట్టారు. పైన రేకులు పరిచారు. మూలల్లో బోల్టులు బిగించాక ఊతకర్రలు తీసేయాలి. "ముందు కచ్చా, తర్వాత పక్కా" అని మాస్టరు లెక్క. మూడు మూలలు బిగించి నాలుగోదానికి వచ్చేసరికి వాన దంచికొట్టింది. తడిసిన టేపు మెడకు అంటుకుంటుంటే తీసి కిటికీ పక్క మేకుకు తగిలించాడు. ఇద్దరూ లారీలోకి పరిగెత్తారు.

మంగళవారం మాస్టరు కొట్టుకు వెళ్ళాడు. మాస్టరమ్మ రంగు డబ్బాలతో గుట్టకు వచ్చింది. మేకు మీద టేపు కనిపించింది. ఇక ఆలోచించేదేముంది? సుత్తి వెనకభాగంతో మేకులు పీకి ఊతకర్రలన్నీ తీసేసింది. నాలుగో మూల దగ్గరి కర్రకు మాత్రం ఒక్క మేకు పీకిందో లేదో, కర్ర తనంతట తనే ఎగిరి గోడకు కొట్టుకుని కింద పడింది. వానకు బిగిసి ఉంటుందిలే అనుకుని రంగు కలుపుకుంది.

సాయంత్రం మాస్టరు వచ్చి గది మధ్యలో నిలబడ్డాడు.

"కర్రలేవి?"

"తీసేశాను. టేపు తగిలించారుగా."

ఆయన మేకు మీది టేపు వైపు చూశాడు. నాలుగో మూలకు వెళ్ళి గుంజ మీద అరచెయ్యి ఆనించాడు. జ్వరం చూసినట్టు చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత "బాగుంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆమె చేసిన ఏ పనికీ ఆయన ఆ మాట అనలేదు. మాస్టరమ్మకు మొదటిసారి భయం వేసింది.

బుధవారానికి తలుపు గడియ పడలేదు. చెక్క ఉబ్బిందని మాస్టరు చిత్రిక పట్టాడు. గురువారం మళ్ళీ పడలేదు. మళ్ళీ చిత్రిక పట్టాడు. శుక్రవారం కిటికీ మీద వేలు దూరేంత సందు కనిపిస్తే, ఆయన మాట్లాడకుండా దాన్ని చెక్కముక్కతో మూసి రంగు పూశాడు. గాలి వీచినప్పుడల్లా రేకుల కింద ఎక్కడో మేకు కీచుమంటోంది.

శనివారం కూతురూ అల్లుడూ నాలుగు నెలల పాపతో వస్తున్నారు. రెండు రాత్రులు ఇక్కడే పడక. పొద్దున్నే మాస్టరమ్మ పక్కబట్టలు పట్టుకుని లోపలికి వచ్చేసరికి మాస్టరు నాలుగో మూలలో బల్ల ఎక్కి ఉన్నాడు. దారానికి చిన్న కత్తెర కట్టి పైనుంచి వేలాడదీశాడు. పైన దారం గుంజను తాకుతోంది. కింద కత్తెరకూ గుంజకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం. జేబులోంచి బోల్టు తీసి రంధ్రంలో పెట్టాడు. సగం దూరి ఆగిపోయింది. రెండు చెక్కల రంధ్రాలూ ఎప్పుడో పక్కకు జరిగిపోయాయి.

ఆమె పక్కబట్టలు చంకలోంచి దించలేదు.

"ఈ మూల బిగించలేదా?"

"వానొచ్చిందిగా."

"మంగళవారమే తెలుసు మీకు."

"ఈ రెండు రోజులూ గడవనీ. సోమవారం వడ్రంగిని పిలుస్తా."

"పాప ఏ గోడ పక్కన పడుకుంటుందండీ?"

ఆయన బోల్టును వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు.

"అల్లుడి దగ్గర తల దించుకోవాల్సి వస్తుందనేగా మీ బాధ? కర్రలు తీసింది నేనే. నేనే చెడగొట్టానని చెప్తాను. వాళ్ళను మాత్రం లోపలికి రానివ్వకండి."

ఆయన బోల్టు జేబులో వేసుకుని బల్ల దిగాడు. తను ఇచ్చిన సాకు తీసుకుంటాడేమోనని ఆమెకు అనిపించింది. తప్పు మోయడం ఆమెకు కొత్త కాదు. కురచైన చొక్కాకు ఇస్త్రీయే కారణమని గిరాకీలకు ఆమె ఎన్నిసార్లు చెప్పలేదు?

లారీ హారను వినిపించింది. తమ్ముడు వాళ్ళను దించాడు. అల్లుడు పాపను భుజాన వేసుకుని వాలు ఎక్కి వస్తూ నవ్వాడు.

"మామయ్యగారూ, నిజంగా మీరే కట్టారా? ఇంజినీర్లు మీ దగ్గర కొలతలు నేర్చుకోవాలి."

అతని కాలు మెట్టు మీద పడింది. మాస్టరమ్మ నోరు తెరిచింది. అంతలో మాస్టరు ఆమెను దాటుకుని గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆగు నాయనా. లోపలికి రావద్దు. ఒక మూల నేను బిగించలేదు. బిగించాననుకుని మీ అత్తయ్య ఊతకర్రలు తీసింది. గోడ ఒరుగుతోందని నాకు మంగళవారం నుంచీ తెలుసు."

అల్లుడు కాలు వెనక్కి తీశాడు. పాపను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

గది ఒరిగే వైపు కాకుండా పైవైపు చాప వేసి అందరినీ కూర్చోబెట్టాడు మాస్టరు. కొత్త రంగుతో ఎండలో గది మెరిసిపోతోంది.

"చూడ్డానికి బాగానే ఉంది కదా నాన్నా?" అంది కూతురు.

 గాలి తిరిగింది. రేకులు ఒక్కసారి టకటకలాడి ఊరుకున్నాయి. ఒరిగే గోడను లాగి పట్టడానికి తమ్ముడు లారీలోంచి మోకు తెచ్చి, చుట్ట విప్పి నేల మీద పరిచాడు. దాన్ని లోపలివైపు గుంజకు కట్టాలంటే ఒకరు లోపలికి వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలో ఎవరూ అనలేదు.